లారీకి 80, కారుకి 100: ఎవరి స్పీడు ఎవరికి అడ్డం?

గత సంచికలో హైదరాబాద్ పాఠకుడొకరు "హైవే మీద లారీలకి వేరే స్పీడు లిమిట్ దేనికి? అందరికీ ఒకటే పెడితే ఓవర్‌టేక్‌లు తగ్గుతాయి, ప్రమాదాలూ తగ్గుతాయి కదా" అని రాశారు. దాని మీద ఉత్తరాలు బాగా వచ్చాయి. కారు నడిపేవాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారు, లారీ వాళ్ళలో కొందరు మెచ్చుకున్నారు కొందరు తిట్టారు, ఇవేవీ నడపని ఒక పెద్దాయన అందరినీ తిట్టారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే. అద్దె ఇల్లు, పీఎఫ్ ప్రశ్నలు పంపినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సార్, ముందు అసలు రూల్ ఏంటో చెప్పండి. మా ఫ్రెండ్స్‌లో ఒకడు లారీకి 60 అంటాడు, ఒకడు 80 అంటాడు, ఇంకొకడు మనదేశంలో లిమిటే లేదంటాడు.
– డిగ్రీ స్టూడెంట్, నల్గొండ

జవాబు: ఆ మూడోవాడిని స్టీరింగ్ దగ్గరికి రానివ్వకండి. మిగతా ఇద్దరూ తలో సగం కరెక్టే. 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకి 100, బస్సుకి 90, లారీకి 80. ఎక్స్‌ప్రెస్‌వే అయితే కారుకి 120, బస్సుకి 100, లారీకి మాత్రం అక్కడ కూడా 80యే. డివైడర్ లేని మామూలు రోడ్ల మీద కారుకి 70, లారీకి 60. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే, మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రాలు తమ రోడ్ల మీద ఇంతకంటే తగ్గించుకోవచ్చు, పెంచడానికి మాత్రం లేదు.

దీనికి తోడు స్పీడ్ గవర్నర్ ఒకటి ఉంది. 2015 అక్టోబర్ 1 నుంచి తయారైన లారీలు 80 దాటకుండా గవర్నర్ బిగించుకునే బయటికి రావాలి. ట్యాంకర్లు, టిప్పర్లు, స్కూలు బస్సులు, ప్రమాదకరమైన సరుకు మోసే బండ్లకయితే అది 60. మీ 60 ఫ్రెండ్ ఏదో ట్యాంకరు వెనక చాలాసేపు ఇరుక్కుపోయి ఉంటాడు.

ఇంకో మెలిక. 2021లో మద్రాసు హైకోర్టు ఈ 2018 నోటిఫికేషన్‌ని కొట్టేసి, 2014 నాటి పరిమితులకి తిరిగి వెళ్ళమంది. రవాణా మంత్రి గడ్కరీ మాత్రం ఎక్స్‌ప్రెస్‌వేల మీద కారుకి 140 ఉండాలనే మాట్లాడారు. అంటే కారు స్పీడు మీద కోర్టు ఒక వైపు లాగుతుంటే మంత్రిగారు ఇంకో వైపు లాగుతున్నారు. లారీ 80 గురించి మాత్రం అంత చర్చ జరగలేదు.

ప్రశ్న: గత నెల ఉత్తరం రాసినాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రమాదాలు స్పీడు వల్ల కాదు, స్పీడులో తేడా వల్ల. అమెరికాలో ఎప్పుడో రిసెర్చి చేసి తేల్చేశారు. అందరికీ 100 పెట్టేస్తే పోయేదానికి ఎందుకీ గోల?
– సొంత కారున్న ఇంజనీరు, కూకట్‌పల్లి

జవాబు: మీరంటున్నది డేవిడ్ సాలమన్ 1964లో చేసిన అధ్యయనం గురించి అయి ఉండాలి. రోడ్డు మీద సగటు స్పీడుకి బాగా ఎక్కువగా వెళ్ళేవాళ్ళే కాదు, బాగా తక్కువగా వెళ్ళేవాళ్ళు కూడా ఎక్కువ ప్రమాదాల్లో ఇరుక్కుంటున్నారని ఆయన లెక్క చూపించారు. అప్పటి నుంచి ఎవరి లిమిట్ పెంచాలన్నా ఆయన పేరే తీస్తారు. కానీ ఆయన లెక్కలో "నెమ్మదిగా వెళ్ళే బండ్లు" అన్నవాటిలో చాలావరకు పక్క రోడ్డులోకి మళ్ళడానికి స్పీడు తగ్గించినవీ, అప్పుడే రోడ్డెక్కి స్పీడు అందుకుంటున్నవీ ఉన్నాయి. తర్వాతి పరిశోధకులు వాటిని పక్కన పెట్టి చూస్తే నెమ్మదిగా వెళ్ళడం వల్ల ప్రమాదం అన్న భాగం బాగా తగ్గిపోయింది. 2000ల మొదట్లో వర్జీనియా పరిశోధకులు, లారీలకి వేరే లిమిట్ ఉన్న రాష్ట్రాలనీ అందరికీ ఒకటే ఉన్న రాష్ట్రాలనీ మధ్యలో మార్చుకున్న రాష్ట్రాలనీ పోల్చి చూస్తే, ఇదే మంచిదని చెప్పగలిగే తేడా ఏదీ నిలకడగా కనపడలేదు. కాబట్టి తేల్చేశారు అన్న మాట మీ వైపూ కాదు, అటు వైపూ కాదు.

ఇప్పుడు కాగితం పెన్ను తీసుకోండి, మీరు ఇంజనీరు కాబట్టి మీకు సరదాగా ఉంటుంది. ముందు ఏదో కనపడ్డాక బ్రేకు మీద కాలు పడడానికి ఒకటిన్నర సెకను అనుకుందాం. కారు 100లో ఉంటే ఆలోపే దాదాపు 42 మీటర్లు వెళ్ళిపోతుంది, ఆ తర్వాత మంచి బ్రేకులూ పొడి రోడ్డూ ఉంటే ఇంకో 55 మీటర్లు. మొత్తం 97. లోడు లారీ 80లో ఉంటే ఆ ఒకటిన్నర సెకనులో 33 మీటర్లు, ఎయిర్ బ్రేకులో గాలి చక్రాల దాకా వెళ్ళి పట్టడానికి ఇంకో అర సెకను, అంటే 11 మీటర్లు, ఆ తర్వాత బరువు వల్ల బ్రేకు కారంత గట్టిగా పట్టదు కాబట్టి మళ్ళీ 55. మొత్తం 99. చూశారా, 100లో ఉన్న కారూ 80లో ఉన్న లారీ ఇంచుమించు ఒకేచోట ఆగుతున్నాయి. అదే లారీని మీరన్నట్టు 100కి పెంచితే 140 మీటర్లు దాటుతుంది. బ్రేకు పట్టు, టైర్లు మారితే ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ, వరస మారదు. లారీని చులకన చేయడానికి పెట్టిన అంకె కాదండీ అది, ఇద్దరూ ఒకే దూరంలో ఆగేలా చేసే అంకె.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 80, 100 మధ్య ఉన్న ఆ 20 మన సమస్య కానే కాదు. మీరు 100లో వస్తున్నారు, రెండు వందల మీటర్ల ముందు లారీ 80లో వెళ్తోంది, దాన్ని అందుకోవడానికి మీకు 36 సెకన్లు పడుతుంది. ఆలోపు అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి, పక్కన కూర్చున్నవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి మరీ లేన్ మారొచ్చు. కానీ మన రోడ్డు మీద ఆ లారీ ఓవర్‌లోడుతో 40లో పాకుతూ ఉంటుంది, మీరేమో 100 అని చెప్తూ 110లో ఉంటారు. అదే రెండు వందల మీటర్లు 10 సెకన్లలో అయిపోతాయి. చంపేది ఈ 70 తేడా. దీన్ని ఏ నోటిఫికేషనూ పెట్టలేదు, మనమే పెట్టుకున్నాం. అందరికీ 100 అని రాస్తే ఆ 40లో పాకే లారీ 100కి రాదు, ఖాళీగా వెళ్ళే లారీ మాత్రం వస్తుంది.

ప్రశ్న: అన్నా, నేను ఇరవై ఏళ్ళ నుంచి లారీ డ్రైవర్ని. అందరూ మమ్మల్నే అంటారు, రైట్ లేన్‌లో వెళ్తున్నారు, దారి ఇవ్వరు అని. మేం సరదాకి వెళ్తామా? లెఫ్ట్‌లో వెళ్ళమనండి చూద్దాం ఒక్క రోజు.
– లారీ డ్రైవర్, కోదాడ

జవాబు: అన్నా, నీ మాటలో నిజముంది. కార్ల వాళ్ళు ఒకసారి ఇది చదవాలి. హైదరాబాద్–విజయవాడ రోడ్డే తీసుకుందాం. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ... ఊరి తర్వాత ఊరు. ఎడమ లేన్‌లో ఏముంటాయి? సర్వీసు రోడ్డు నుంచి చూడకుండా దూసుకొచ్చే బైకులు, యూ టర్న్ కోసం రెండు కిలోమీటర్లు వెళ్ళడం ఇష్టం లేక రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటోలు, ట్రాక్టర్లు, టీ కోసం ఆపిన బండ్లు, పంట సీజన్‌లో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్ళు. పాతిక టన్నుల బండిని ప్రతి అర కిలోమీటరుకీ బ్రేకు కొట్టి, గేరు మార్చి, మళ్ళీ లాక్కోవడమంటే డీజిలూ పోతుంది, ఓపికా పోతుంది. డివైడర్ పక్కన అయితే కనీసం ఒక వైపు నుంచి ఎవరూ రారన్న ధైర్యం. రైట్ లేన్‌లో నడిపే లారీ డ్రైవర్‌ని బద్ధకస్తుడనీ మొండివాడనీ అనేవాళ్ళు ఈ ఎడమ లేన్ ఎలా ఉంటుందో చెప్పరు.

కానీ అన్నా, అక్కడితో నిన్ను వదిలేయను. ఊరు దాటాక, ఎడమ లేన్ ఖాళీగా ఉన్నా, కుడి లేన్‌లోనే పది కిలోమీటర్లు వెళ్ళే అలవాటు ఉంది చూడు, అది తప్పే. నువ్వు కుడి లేన్‌లో ఉంటే కారువాడు నిన్ను ఎడమ నుంచి దాటతాడు, అంటే నీ అద్దంలో సరిగ్గా కనపడని వైపు నుంచి, అదే బైకులూ ఆటోలూ ఉన్న వైపు నుంచి. ఇంకోటి, 75లో వెళ్ళే లారీని 80లో దాటడం. మీ ఇద్దరి పొడవూ, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి లెక్కేస్తే దాటడానికి 46 సెకన్లు పడుతుంది, ఆలోపు రోడ్డు మీద కిలోమీటరు దూరం అయిపోతుంది. ఆ కిలోమీటరంతా రెండు లేన్లూ మూసేసినట్టే. ఇది మన దగ్గరే కాదులే, జర్మనీలో కూడా లారీలకి 80 పరిమితి, లిమిటర్ (మన గవర్నర్ లాంటిదే) 90కి ఉంటుంది, 88లో ఒకడు 86లో ఇంకొకణ్ణి దాటుతుంటే వెనక కార్లన్నీ పళ్ళు నూరుతుంటాయి, దానికి అక్కడివాళ్ళు ఏనుగుల పందెం అని పేరు కూడా పెట్టారు. అయిదు కిలోమీటర్ల తేడా కోసం దాటకు. వెనకే వెళ్ళు.

ఇది నీకు చెప్తున్నాను గానీ అసలు చెప్పాల్సింది రోడ్డు వేసేవాళ్ళకి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు చూడండి: 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, బైకులకీ ఆటోలకీ ప్రవేశం లేదు, పక్క ఊళ్ళ నుంచి నేరుగా ఎక్కడానికి లేదు. 2023లో అక్కడ గరిష్ఠ స్పీడు 100 నుంచి 120కి పెంచారు, కుడివైపు లేన్లు ఎక్కువ స్పీడు వాళ్ళకి, ఎడమవైపువి నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి. అక్కడ లారీని ఎడమ లేన్‌లో వెళ్ళమనడానికి నోరొస్తుంది, ఎందుకంటే ఆ లేన్ లారీ నడిపేలా ఉంది. బెంగళూరు–మైసూరు రోడ్డు మీద 2023 మొదటి సగంలో వరసగా ప్రమాదాలు జరిగితే, ఆగస్టు 1 నుంచి బైకులనీ ఆటోలనీ ట్రాక్టర్లనీ మెయిన్ రోడ్డు ఎక్కనివ్వకుండా ఆపేశారు. వేరువేరు స్పీడులున్న బండ్లని వేరు చేయడం అంటే అదీ. బోర్డు మీద అంకె మార్చడం కంటే కష్టం, ఖర్చు కూడా. అందుకే ముందు బోర్డే మారుస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి కాలిఫోర్నియా వచ్చాం. ఇక్కడ ఫ్రీవే మీద పెద్ద ట్రక్కులకి 55 మైళ్ళు అని బోర్డులున్నాయి, కార్లకి 65, 70. అవి బుద్ధిగా కుడి పక్కనే పోతున్నాయి. మరి డాలస్‌లో ఉన్న మా అమ్మాయి వాళ్ళ దగ్గర అలా లేదంటోంది. ఒకే దేశంలో ఇదేంటండీ?
– రిటైర్డ్ టీచర్, ప్రస్తుతం ఫ్రీమాంట్

జవాబు: మాష్టారూ, అక్కడ ఇది రాష్ట్రాల ఇష్టం. 1974లో పెట్రోలు కొరత రోజుల్లో దేశమంతటికీ 55 మైళ్ళు పెట్టారు, 1995లో ఎత్తేసి రాష్ట్రాలకి వదిలేశారు. కాలిఫోర్నియాలో మూడు లేదా అంతకంటే ఎక్కువ ఇరుసులున్న ట్రక్కులకి ఇప్పటికీ 55, అంటే మన లెక్కలో 88 కిలోమీటర్లు. టెక్సస్‌లో ఇద్దరికీ ఒకటే. మిషిగన్‌లో కార్లకి 75 మైళ్ళున్న చోట ట్రక్కులకి 65. ఇలినాయ్‌లో 2010 నుంచి ఊళ్ళకి దూరంగా ఉన్న ఇంటర్‌స్టేట్‌ల మీద తేడా తీసేశారు. సొంత ట్రక్కు నడుపుకునే డ్రైవర్ల సంఘం వేరే లిమిట్ వద్దనే ఎప్పుడూ పోరాడుతుంది, వాళ్ళ వాదన మన కూకట్‌పల్లి ఇంజనీరుగారిదే. పెద్ద ట్రక్కులన్నిటికీ స్పీడ్ లిమిటర్ తప్పనిసరి చేద్దామని అక్కడి కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రతిపాదించి, ఏళ్ళ తరబడి నాన్చి, 2025లో వెనక్కి తీసుకుంది. ఆ విషయంలో వాళ్ళకంటే మనమే ముందున్నాం, కాగితం మీద.

మీరు గమనించిన అసలు విషయం ఆ 55 కాదు, బుద్ధిగా కుడి పక్కనే పోతున్నాయన్నారే, అది. అక్కడ కుడి పక్క అంటే మనకి ఎడమ పక్క.

ప్రశ్న: మాకు మూడు లారీలున్నాయి. గవర్నర్ పెట్టి 80 దాటనివ్వట్లేదు, కొత్త బండ్లు 100లో కూడా కదలకుండా వెళ్తాయి. ట్రిప్పు తొందరగా అయితే నెలకి ఒకటి రెండు కిరాయిలు ఎక్కువ పడతాయి. మా పొట్ట ఎందుకు కొడుతున్నారు?
– లారీ ఓనరు, ఆటోనగర్, విజయవాడ

జవాబు: ఓనరుగారూ, లెక్క మీకే బాగా తెలుసు, అయినా చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా మొత్తం 80లో వెళ్తే మూడు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు, మొత్తం 100లో వెళ్తే రెండు గంటల నలభై నిమిషాలు. మిగిలేది నలభై నిమిషాలు, అదీ టోల్‌గేట్లూ ఊళ్ళూ లేకపోతే. ఆ నలభై నిమిషాల కోసం బండికి ఎదురు తగిలే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, డీజిలు ఎటు పోతుందో నేను చెప్పక్కర్లేదు, టైర్ల వేడి సంగతి సరేసరి. మీ బండి లోడింగ్ పాయింటు దగ్గర ఎన్ని గంటలు పడి ఉంటుంది? గోడౌన్ దగ్గర హమాలీలు రాక, బిల్లు తయారవక, అన్‌లోడింగ్‌కి వంతు రాక ఎన్ని పూటలు పోతాయి? సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకి గడువు లెక్కేసేటప్పుడు ప్రభుత్వమే మామూలు సరుకుకి రోజుకి 200 కిలోమీటర్లని పెట్టింది. రోజుకి 200 అంటే గంటకి 100తో పనేముంది? నెలకి మీకు రావాల్సిన ఆ రెండు కిరాయిలు పోతోంది రోడ్డు మీద కాదు, గేటు బయట.

ఇంకోటి మీకు నచ్చదు, అయినా అంటాను. 2018లో కారు స్పీడు పెంచిన సంవత్సరమే లారీ బరువు కూడా పెంచారు. రెండు ఇరుసుల బండికి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5కి, మూడు ఇరుసులదానికి 25 నుంచి 28.5కి. ఓవర్‌లోడ్ అని పట్టుకోవడం ఎందుకు, కొంత లోడుని చట్టబద్ధం చేద్దాం అనే ఆలోచన. బాగానే ఉంది, కానీ పాత బండి, పాత బ్రేకులు, దాని మీద ఇంకా కొంచెం వేసుకుందాం అనే అలవాటు ఎక్కడికీ పోలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు 30కి పడిపోయి, దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే బండికి 100 ఇమ్మంటే, ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరైనా మీ ముఖం చూసి నవ్వుతాడు. ఖాళీ బండి వేరు లోడు బండి వేరు అంటారా, ఒప్పుకుంటాను, అయితే రోడ్డు పక్కన నిలబడ్డ కెమెరాకి ఏది ఖాళీనో ఏది లోడో తెలీదు.

డ్రైవర్ సంగతి కూడా ఆలోచించండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే రోజుకి 8 గంటలే పని అంది (2025 నవంబర్‌లో దాన్ని కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు), మీ డ్రైవర్‌కి ఆ చట్టం పేరైనా చెప్పారా? ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసింది కూడా 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే బండ్లకే. మే నెలలో ఇంజను పక్కన కూర్చుని పద్నాలుగు గంటలు నడిపేవాడికి స్పీడు పెంచి ఇవ్వడం వరం కాదు.

ప్రశ్న: బస్సుకి 90, లారీకి 80. బస్సులో మనుషులున్నారు కదా, దానికి తక్కువ ఉండాలి గానీ ఎక్కువెలా పెట్టారు?
– గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, పూర్తిగా నిండినా బస్సు లోడు లారీ అంత బరువు ఉండదు, బ్రేకులూ సస్పెన్షనూ కొంచెం మెరుగు. ఆ మాటకొస్తే రాత్రి ప్రైవేటు స్లీపర్ బస్సుల విషయంలో మీ అనుమానమే నాదీ.

ప్రశ్న: నాలుగు లేన్ల హైవే మీద కారులో 92లో వెళ్తే చలాన్ వచ్చింది. 100 కదా లిమిట్? ఇది దోపిడీ కాదా?
– మెడికల్ రెప్, అనంతపురం

జవాబు: చలాన్‌లో ఫొటో తీసిన చోటు రాసి ఉంటుంది, అక్కడికి వెళ్ళినప్పుడు బోర్డు చూడండి. ఊరి దగ్గర, ఫ్లైఓవర్ మీద, మలుపులో 80 అనో 60 అనో ఉంటే మీ 100 అక్కడ చెల్లదు. బోర్డు లేకపోతే, చెట్టు కొమ్మల వెనక ఉంటే, ఫొటో తీసి అప్పీలు చేసుకోండి, అది మీ హక్కు. చట్టం 183వ సెక్షన్‌లో కారుకి వెయ్యి నుంచి రెండు వేలు, లారీకి రెండు వేల నుంచి నాలుగు వేలు అని ఉంది, చేతికొచ్చే చలాన్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కెమెరా ముందు 80కి తగ్గి, దాటగానే 120 కొట్టే పద్ధతి మీకు ఉందని నేననను, కానీ చాలామందికి ఉంది.

ప్రశ్న: 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో పోయారు, అందులో 71 శాతం అతివేగం వల్లే అని ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఇంకా స్పీడు పెంచాలా వద్దా అని చర్చ ఏంటి? అందరికీ 60 పెట్టండి.
– రిటైర్డ్ ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: పెద్దాయనా, అందరినీ తిట్టింది మీరే కదూ. అంకెలు కరెక్టే. కాకపోతే ఆ 71 శాతం ఎలా పుడుతుందో కూడా చూడాలి. ప్రమాదం జరగగానే స్టేషన్‌లో రాసే మొదటి మాట "అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపి". రోడ్డు మలుపు తప్పుగా వేశారా, లైటు లేదా, ఆగిన లారీకి వెనక రిఫ్లెక్టర్ లేదా అన్నది ఆ కాగితంలో కనపడడం తక్కువ. స్పీడు చంపదని కాదు, కచ్చితంగా చంపుతుంది, పైన చెప్పిన మీటర్లన్నీ అదే చెప్తున్నాయి. కానీ అందరికీ 60 పెడితే పాటించేవాడు 60లో వెళ్తాడు, పాటించనివాడు 110లోనే వెళ్తాడు, ఆ తేడా మళ్ళీ మొదటికే.

ప్రశ్న: నేను వారానికోసారి సాయంత్రం డ్యూటీ అయ్యాక ఒక్కదాన్నే కారులో ఊరికి వెళ్తాను. లారీలు కదులుతున్నాయో ఆగున్నాయో కూడా చీకట్లో తెలీదు, చాలా టెన్షన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– స్టాఫ్ నర్సు, ఖమ్మం

జవాబు: అమ్మా, డిమ్ లైటులో మామూలుగా యాభై అరవై మీటర్లకి మించి స్పష్టంగా కనపడదు. 100లో ఉన్న కారు ఆగడానికి 97 మీటర్లు కావాలని పైన చూశాం. అంటే లిమిట్ 100 అయినా రాత్రి డిమ్ మీద వెళ్తున్నంతసేపూ మీ లిమిట్ 70. ఎదురుగా బండ్లు లేనప్పుడు బ్రైట్ వేసుకోండి, అప్పుడు కొంచెం పెంచొచ్చు.

ముందున్న ఎర్ర లైట్ల మధ్య దూరం త్వరత్వరగా పెరుగుతుంటే ఆ బండి ఆగి ఉందనో పాకుతోందనో లెక్క, వెంటనే కాలు తీసేయండి. చాలా లారీలకి ఒక పక్క లైటే వెలుగుతుంది, బైకు అనుకుని పక్కకి వెళ్ళబోకండి. దాటాలనుకుంటే హారన్ కంటే లైటు రెండుసార్లు కొట్టండి, డ్రైవర్ అద్దంలో మీరు పడ్డాకే కదలండి, దాటడం మొదలెట్టాక మధ్యలో సందేహించకుండా పూర్తి చేయండి, లారీ పక్కన సమానంగా ఎక్కువసేపు ఉండకండి. లారీ వెనక మరీ దగ్గరగా కూడా వెళ్ళొద్దు, వెనక అడ్డంగా ఉండాల్సిన ఇనుప కమ్మీ చాలా బండ్లకి వంగిపోయో ఊడిపోయో ఉంటుంది, కారు కిందికి దూరిపోతే ఎయిర్‌బ్యాగ్ కూడా ఏమీ చేయలేదు.

రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగిన లారీ కనపడితే దాటి వెళ్ళి, సురక్షితమైన చోట బండి ఆపి 1033కి ఫోన్ చేయండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ అది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. పక్కన కిలోమీటరు రాయి మీద అంకె చూసి చెప్తే పెట్రోలింగ్ బండి తొందరగా వస్తుంది. అంకె కనపడకపోతే ఏ టోల్‌గేటు దాటి ఎంతసేపయిందో చెప్పినా చాలు.